బుడగలు ఆగాయి, సరే... బీరు పులియడం అయిపోయినట్టేనా?

ఇందిరానగర్‌లోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఏ మైక్రోబ్రూవరీకి వెళ్లినా అద్దం వెనక వరసగా స్టీలు ట్యాంకులు కనిపిస్తాయి. బెంగళూరు తెలుగువాళ్ల టేబుల్ దగ్గర రెండో గ్లాసుకల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "లోపల పులియడం అయిపోయిందని వీళ్లకి ఎలా తెలుస్తుందిరా?" ఇదే ప్రశ్న ఇంకో దారిలో కూడా వస్తుంటుంది. డల్లాస్‌లో ఇంట్లోనే బీరు చేసుకునే బావ వాట్సాప్‌లో ఫొటో పెడతాడు. "బుడగలు రావట్లేదు. సీసాల్లో పోసేయనా?"

ఉదాహరణలు డల్లాస్‌లో పెట్టడానికి కారణం ఉంది. కర్ణాటక ఎక్సైజ్ చట్టం, 1965 ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేయకూడదు. ఇక్కడి మైక్రోబ్రూవరీలన్నీ లైసెన్స్ తీసుకుని నడిచేవే. అమెరికాలో 1978లో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంట్లో బీరు చేసుకోవడానికి ఫెడరల్ అనుమతి వచ్చింది. వయోజనులు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకుమించి ఉంటే 200 గ్యాలన్లు. రాష్ట్రాలు ఒక్కొక్కటే దారికొచ్చాయి. చివరగా 2013లో అలబామా, మిసిసిపీ ఒప్పుకున్నాయి. కాబట్టి ఈ వ్యాసంలో ఇంటి బకెట్ బావది, స్టీలు ట్యాంకు బెంగళూరుది.

"అయిపోయిందా?" అని మనం ఒక్క ప్రశ్నే అడుగుతున్నాం అనుకుంటాం గానీ అందులో మూడున్నాయి. చక్కెరను తిని ఆల్కహాల్ చేసే సూక్ష్మజీవి, ఈస్ట్, పని ఆపిందా? తినగలిగినదంతా తిన్నాకే ఆపిందా, మధ్యలో ఆపేసిందా? ఆపాక రుచి కుదిరిందా? ఒక్కో పరికరం ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. గొడవంతా ఒకదాని జవాబును ఇంకోదానికి అతికించడంలోనే ఉంది.

చక్కెర అంతా పోదు, పోకూడదు కూడా

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని వేడినీళ్లలో నానబెడితే గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. అలా వచ్చిన తియ్యటి ద్రవం పేరు వర్ట్. దాన్ని హాప్స్ (చేదూ వాసనా ఇచ్చే పువ్వులు) వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేస్తారు. ఇక్కణ్నుంచి పని ఈస్ట్‌ది. లెక్క కోసం చెప్పాలంటే 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. కాస్త చక్కెరను ఈస్ట్ తన ఒంటికి కూడా వాడుకుంటుంది కాబట్టి నిజంలో కొంచెం తక్కువే.

వర్ట్‌లో ఉండే చక్కెర ఒక్క రకం కాదు. ఈస్ట్ ముందు గ్లూకోజ్ లాంటి చిన్నవాటిని పూర్తిచేస్తుంది. తర్వాత మాల్టోజ్ వంతు, వర్ట్‌లో సింహభాగం అదే. ఆఖర్న మాల్టోట్రయోజ్. దీని దగ్గరకొచ్చేసరికి కొన్ని ఈస్ట్ రకాలు చేతులెత్తేస్తాయి. ఇక డెక్స్‌ట్రిన్లని పెద్ద గొలుసులుంటాయి. మామూలు బీరు ఈస్ట్ వాటిని ముట్టుకోదు. బీరుకి నోట్లో ఆ నిండుదనం వచ్చేది ఎక్కువగా వాటివల్లే.

డెక్స్‌ట్రిన్లు ఎన్ని మిగలాలన్నది బ్రూవర్ మొదటి గంటలోనే తేల్చేస్తాడు. మాల్ట్‌ను 63–65 డిగ్రీల దగ్గర నానబెడితే పులిసే చక్కెరలు ఎక్కువ, బీరు పలచగా, పొడిగా (అంటే తీపి లేకుండా) వస్తుంది. 68–70 దగ్గర అయితే డెక్స్‌ట్రిన్లు ఎక్కువ, బీరు చిక్కగా ఉంటుంది. అందుకే "చక్కెర సున్నాకి రావడం" అనే గీత బీరుకు లేదు. ఏ బీరు ఎక్కడ ఆగాలో ఆ బీరుకే తెలుసు. కొలత కష్టమయ్యేది అక్కడే.

బుడగ చెప్పేది ఒకటి, మనం వినేది ఇంకొకటి

బకెట్ మూతకు బిగించే చిన్న గొట్టం ఎయిర్‌లాక్. అందులో కాసిని నీళ్లుంటాయి. లోపలి గ్యాస్ బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. పులియడం జోరు మీదున్నప్పుడు టపటపా కొట్టుకుంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దానితోనే తంటా.

మూత సరిగ్గా కూర్చోకపోతే గ్యాస్ పక్కనుంచి పోతుంది. లోపల జోరుగా పులుస్తున్నా ఒక్క బుడగ రాదు. రెండోవైపు పులియడం ముగిసిన చాలా రోజులకు కూడా బుడగలు రావచ్చు. బీరులో కరిగిన కార్బన్ డయాక్సైడ్ కొంత ఎప్పుడూ ఉంటుంది. ఎండెక్కి గ్యారేజ్ వేడెక్కితే బీరు అంత గ్యాస్‌ను పట్టుకోలేక వదిలేస్తుంది, రాత్రి చల్లబడితే మళ్లీ ఆగిపోతుంది. వాన ముందు వాతావరణ పీడనం పడినా అంతే. పగలు బుడగలు, రాత్రి లేవు అంటే ఈస్ట్ షిఫ్టుల్లో పనిచేస్తోందని కాదు.

అయితే బుడగ దండగని తీసిపారేయడం అన్యాయం. ఈస్ట్ లేచిందా లేదా అన్నది మొదటి రోజే చెబుతుంది. జోరు తగ్గిందని చెబుతుంది, అంటే ఎప్పుడు కొలవడం మొదలుపెట్టాలో చెబుతుంది. పైన కట్టే నురగ తెట్టు కిందికి దిగడం కూడా ఇలాంటి గుర్తే. కొన్ని ఈస్ట్‌ల తెట్టు వారాల తరబడి దిగకుండా మొండికేస్తుంది గనక దాన్నీ పూర్తిగా నమ్మలేం.

లాక్టోమీటర్ చూసినవాళ్లకు హైడ్రోమీటర్ కొత్తేమీ కాదు

ఊళ్లో పాల కేంద్రం దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డవాళ్లకి లాక్టోమీటర్ గుర్తుండే ఉంటుంది. పాలల్లో వేస్తే ఎంతవరకు మునిగిందో చూసి 28, 30 అని అంకె చదివేవారు. 28 అంటే 1.028, నీళ్లకంటే వెయ్యికి 28 వంతులు ఎక్కువ బరువని. హైడ్రోమీటర్ అదే గాజు పుల్ల, గీతలు వేరు. నీళ్లలో 1.000 దగ్గర నిలబడుతుంది. చక్కెర కరిగిన వర్ట్‌లో పైకి తేలుతుంది. చక్కెర తగ్గి, నీళ్లకంటే తేలికైన ఆల్కహాల్ చేరేకొద్దీ కిందికి దిగుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది కదా, అంకె మారదా అని అనుమానం రావచ్చు. మారదు. తేలడమనేది పుల్ల బరువుకీ, అది పక్కకు నెట్టే ద్రవం బరువుకీ మధ్య లెక్క. ఎత్తు తేడా రెంటికీ ఒకటే.

ఈస్ట్ వేసేముందు తీసిన అంకెను ఓజీ అంటారు, తొలి గ్రావిటీ. గ్రావిటీ అంటే నీళ్లతో పోల్చిన సాంద్రత. చివరి అంకె ఎఫ్‌జీ. బావ బకెట్‌లో ఓజీ 1.050 అనుకుందాం. వారం తర్వాత 1.012. 0.001ని ఒక పాయింటు అనుకుంటే 50లో 38 పాయింట్లు దిగింది. 38ని 50తో భాగిస్తే 76 శాతం. దీన్ని అటెన్యుయేషన్ అంటారు, పులిసిన వంతు. ఆల్కహాల్ కావాలంటే రెండు అంకెల తేడా 0.038ని 131.25తో హెచ్చించాలి, సుమారు 5 శాతం.

ఆ 76లో చిన్న మోసముంది. ఆల్కహాల్ తేలిక కాబట్టి పుల్ల ఉండాల్సిన దానికన్నా కిందికి దిగింది. నిజంగా ఖర్చయిన చక్కెర 62 శాతం దగ్గర ఉంటుంది. అందుకే 76ను పైకి కనిపించే అటెన్యుయేషన్‌గా లెక్కేస్తారు. ప్రపంచమంతా ఈ పైకి కనిపించే అంకెతోనే మాట్లాడుకుంటుంది కాబట్టి పోల్చడానికి ఇబ్బంది లేదు. బాగా పొడిగా పులిసిన బీరు 1.000 కిందికి కూడా దిగుతుంది. అది చూసి పరికరం పాడైందని కంగారుపడతారు. పాడవలేదు, ఆల్కహాల్ మహిమ.

ఇంకోటి వేడి. చాలా హైడ్రోమీటర్లు 20 డిగ్రీలకు సరిచేసి ఉంటాయి. కొన్ని పాతవి 15.6కి. పుల్ల మీదే రాసి ఉంటుంది. 28 డిగ్రీల బీరులో 20 డిగ్రీల పుల్ల వేస్తే సుమారు 0.002 తక్కువ చూపిస్తుంది. దీనివల్ల వచ్చే చిక్కు చూడండి. సోమవారం 20 డిగ్రీల దగ్గర 1.012 చదివారు. గురువారం వేడెక్కిన గదిలో 28 దగ్గర 1.010 చదివారు. "ఇంకా పులుస్తోంది" అంటారు. బీరు అంగుళం కదల్లేదు, గది కదిలింది. నమూనాలో గ్యాస్ ఉంటే తేడా ఇంకో దిక్కుకు పోతుంది. బుడగలు పుల్లకు అంటుకుని పైకెత్తేస్తాయి. గ్లాసులోంచి గ్లాసులోకి నాలుగుసార్లు ఒంపి గ్యాస్ పోగొట్టాకే కొలవాలనేది అందుకే.

కదలకపోతే అయిపోయినట్టా, ఆగిపోయినట్టా?

రెండు మూడు రోజుల తేడాతో తీసిన రెండు రీడింగులు ఒకేలా ఉంటే అయిపోయినట్టే అన్నది బాగా ప్రచారంలో ఉన్న సూత్రం. అది మొదటి ప్రశ్నకే జవాబు. ఈస్ట్ ఆగిందంతే. ఎందుకు ఆగిందో చెప్పదు.

బావ బకెట్ 1.050 నుంచి 1.020కి వచ్చి మూడు రోజులుగా కదల్లేదనుకోండి. 30 పాయింట్లు దిగింది, అంటే 60 శాతం. ఈస్ట్ ప్యాకెట్ మీద 73–77 శాతం అని ఉంది. ఆ లెక్కన 1.012, 1.013 దాకా రావాలి. రాలేదంటే రెండు కారణాలుండొచ్చు. చలికి ఈస్ట్ మధ్యలో పడుకుంది, గది వేడెక్కితే లేస్తుంది. లేదా నానబెట్టేటప్పుడు థర్మామీటర్ తప్పు చూపి వేడి ఎక్కువైంది, డెక్స్‌ట్రిన్లు ఎక్కువ వచ్చాయి, ఈ బీరుకు నిజంగానే 1.020 ఆఖరు. ప్యాకెట్ మీది శాతం ఏదో ప్రామాణిక వర్ట్‌లో తేల్చింది. మన వర్ట్‌కు అది ప్రమాణపత్రం కాదు.

ఈ ముడి విప్పడానికి బ్రూవరీల్లో చేసే పరీక్ష చాలా తెలివైనది, పైసా ఖర్చు లేనిది. ఈస్ట్ వేసిన రోజే అదే వర్ట్ కాస్త పక్కకు తీసి, అందులో మోతాదుకు మించి ఈస్ట్ కుమ్మరించి, వెచ్చగా పెట్టి తరచూ కదుపుతారు. రుచి అక్కర్లేదు, తాగేది కాదు. ఒకటి రెండు రోజుల్లో అది తినగలిగినదంతా తినేసి ఒక అంకె దగ్గర నిలుస్తుంది. ఈ వర్ట్‌కి కింది హద్దు అదే. పక్కన పెట్టింది 1.012 దగ్గర ఆగి, పెద్ద బకెట్ 1.020 దగ్గర నిలబడితే పని మిగిలుంది. పక్కన పెట్టినది కూడా 1.020 దగ్గరే ఆగితే ఇక ఎదురుచూడటం దండగ. ఇళ్లలో బీరు చేసేవాళ్లలో దీన్ని చేసేవారు తక్కువ. హైడ్రోమీటర్ తర్వాత నన్నడిగితే దీనికే ఓటు.

మిగిలిన ఆ 8 పాయింట్లు ఎందుకంత ముఖ్యం? సీసా వల్ల. లీటరు బీరులో ఎన్ని లీటర్ల కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉందన్నదే వాల్యూమ్ లెక్క. మామూలు బీరులో రెండున్నర దాకా ఉంటుంది, షాంపేన్‌లో సుమారు 6. మూత వేశాక ఒక్క పాయింటు, అంటే 0.001 దిగితే దాదాపు అర వాల్యూమ్ గ్యాస్ చేరుతుంది. ఇంట్లో సీసాలు నింపేవాళ్లు నురగ కోసం కొలిచి కాస్త చక్కెర వేసి రెండున్నరకు తెస్తారు. దానిపైన ఆ 8 పాయింట్లూ లోపలే పులిస్తే ఇంకో 4 వాల్యూములు. మొత్తం ఆరున్నర. షాంపేన్‌ను అంత మందపాటి గాజులో పోసేది ఊరికే కాదు. మామూలు బీరు సీసా ఆ ఒత్తిడికి పగిలే ప్రమాదం ఉంది, గాజు ముక్కలు కంట్లో పడ్డవాళ్లున్నారు. బెంగళూరు మైక్రోబ్రూవరీలో బీరు ట్యాంకు నుంచి నేరుగా కుళాయికి వస్తుంది. ట్యాంకుకు ఒత్తిడి కవాటాలుంటాయి. అక్కడ తొందరపడితే రుచి పోతుంది, ఇంట్లో తొందరపడితే సీసా పేలుతుంది.

డెక్స్‌ట్రిన్లను కూడా తినే ఈస్ట్

మామూలు ఈస్ట్ డెక్స్‌ట్రిన్లను ముట్టుకోదని పైన అన్నాను. డయాస్టాటికస్ అనే రకం ముట్టుకుంటుంది. ఎస్‌టీఏ1 అనే జన్యువు సాయంతో ఎంజైమును బయటికి వదిలి పెద్ద గొలుసులను నెమ్మదిగా తుంచి తింటుంది. సేజోన్ అనే బెల్జియన్ శైలి బీరుకు వాడే కొన్ని ఈస్ట్‌లు ఈ జాతివే, అక్కడ కావాలనే వాడతారు. పొరపాటున వేరే బీరులోకి జొరబడితే మాత్రం వారానికి ఒక పాయింటు చొప్పున దిగుతూ పోతుంది. మూడు రోజుల తేడాతో తీసిన రెండు రీడింగులు దీన్ని పట్టుకోలేవు. సాధారణ పుల్ల మీద 0.001 తేడాకు, మన కన్ను చదవడంలో వచ్చే తేడాకు పెద్ద దూరం లేదు.

కొద్దిపాటి రీడింగులతో ఎంత ధీమాగా మాట్లాడొచ్చు అన్నది బీరు లోకం నుంచే పుట్టిన గణితం. డబ్లిన్‌లోని గిన్నిస్ బ్రూవరీ ఉద్యోగి విలియం సీలీ గోసెట్ ఇలాంటి చిన్న నమూనాల తంటాతోనే కుస్తీపట్టి, 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో పరిశోధనాపత్రం వేశాడు. ఈ ఊళ్లో డేటా సైన్స్ ఉద్యోగాలు చేసే మనవాళ్లు రోజూ వాడే టీ-టెస్ట్ అదే.

రిఫ్రాక్టోమీటర్: రెండు చుక్కలు చాలు, కానీ అంకె అబద్ధం

ద్రాక్ష తోటల రైతుల చేతుల్లో కనిపించే చిన్న దుర్భిణి లాంటి పరికరం ఇది. రెండు చుక్కలు వేసి వెలుతురుకు పెట్టి చూస్తే చక్కెర ఎంతో బ్రిక్స్ డిగ్రీల్లో చూపిస్తుంది. ద్రవంలో కాంతి ఎంత వంగుతుందన్నదే దీని ఆధారం. పులియకముందు వర్ట్‌కి చక్కగా పనికొస్తుంది. పులియడం మొదలయ్యాక ఆల్కహాల్ కూడా కాంతిని వంచుతుంది, పరికరం దాన్ని చక్కెర ఖాతాలోనే వేస్తుంది.

మన 1.050 వర్ట్ ఇందులో సుమారు 12.4 చూపిస్తుంది. పులిసి 1.012కి వచ్చాక 6.2 చుట్టుపక్కల చూపిస్తుంది. ఆ 6.2ను బ్రిక్స్ నుంచి గ్రావిటీకి మార్చే పట్టికలో నేరుగా చూస్తే 1.024 అని వస్తుంది. సగం దారిలో ఆగిందని కొత్తవాళ్లు బెంబేలెత్తి ఇంకో ప్యాకెట్ ఈస్ట్ వేసేది ఈ అంకె చూసే. మొదటి అంకె, ఇప్పటి అంకె రెండూ ఇస్తే సరిచేసి చెప్పే లెక్కలున్నాయి. అవి కూడా అంచనాలే, ఒకటి రెండు పాయింట్లు అటూఇటూ. కదలిక ఉందా లేదా చూడటానికి మాత్రం సరిదిద్దే పనే లేదు. 6.2 రోజుల తరబడి 6.2గానే ఉంటే ఈస్ట్ ఆగినట్టే.

తేలే సెన్సర్లు

బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెన్సర్ల దుకాణాలు తిరిగే అలవాటున్నవాళ్లకు ఐస్పిండెల్ నచ్చుతుంది. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో వైఫై చిప్పు, వాలు కొలిచే సెన్సర్, వేడి కొలిచే సెన్సర్, ఒక బ్యాటరీ. బీరులో తేలుతూ, సాంద్రత తగ్గేకొద్దీ వాలు మారుస్తూ, ఫోనుకు అంకెలు పంపుతుంది. తయారీ వివరాలన్నీ బహిరంగంగా దొరుకుతాయి. కొనుక్కునేవాళ్లకు టిల్ట్ లాంటివి ఉన్నాయి. మూత తీయకుండా గంటగంటకీ రీడింగ్ వస్తుంది. దానికి ఈస్ట్ తెట్టో హాప్స్ తుక్కో అంటుకుంటే అంకె పక్కకు పోతుంది. స్టీలు ట్యాంకులో వేస్తే సిగ్నల్ బయటికి రావడం కష్టం. అందుకే చివరి అంకె కోసం చాలామంది మళ్లీ గాజు పుల్ల దగ్గరికే వస్తారు. సెన్సర్ గొప్పతనం గీతలో ఉంది. నిటారుగా పడుతూ వచ్చిన గీత ఎప్పుడు చదునైందో అది చూపినంత స్పష్టంగా ఏదీ చూపదు.

అంకె నిలిచినా వెన్న వాసన వస్తే

మూడో ప్రశ్న ముక్కుది. పులిసేటప్పుడు ఈస్ట్ ఆల్ఫా-అసిటోలాక్టేట్ అనే పదార్థం వదులుతుంది. దానికి వాసన లేదు. అది బీరులో తనంతట తాను డయాసిటైల్‌గా మారుతుంది, అప్పుడు వెన్న వాసన కొడుతుంది. లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉన్నా చాలామంది పసిగట్టేస్తారు. మంచి సంగతేమిటంటే ఓపికపడితే ఈస్టే దాన్ని తిరిగి లోపలికి తీసుకుని వాసన లేకుండా చేస్తుంది. ఈ పని గ్రావిటీ నిలిచాక కూడా సాగుతుంది. పుల్లకు ఇది కనిపించదు.

అందుకే బ్రూవరీలు ఒక చిన్న పరీక్ష చేస్తాయి. రెండు నమూనాలు తీసుకుని ఒకదాన్ని మూతపెట్టి 60 డిగ్రీల పైచిలుకు వేడిలో అరగంట ఉంచి చల్లారుస్తారు. వేడికి, దాగి ఉన్నదంతా డయాసిటైల్‌గా మారిపోతుంది. వేడిచేసిన గ్లాసులో వెన్న వాసన వచ్చి, రెండోదానిలో రాకపోతే బీరులో ఇంకా సరుకు దాగి ఉందని. ట్యాంకును అప్పుడే చల్లబరిస్తే ఈస్ట్ అడుగుకు చేరిపోతుంది, శుభ్రం చేసేవాళ్లుండరు. చల్లగా పులిసే లాగర్లకు చివర్లో రెండు మూడు రోజులు కాస్త వెచ్చబరిచేది దీనికోసమే. శనివారం రద్దీకి ట్యాంకు ఖాళీ కావాల్సిన చోట ఆ రెండు రోజులు వదులుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

కొలిచేవాళ్లు, వదిలేసేవాళ్లు

ఇళ్లలో చేసేవాళ్ల మధ్య అసలు వాదం పరికరం గురించి కాదు, మూత తీయాలా వద్దా అని. ఒక పక్షం వారిది రోజు విడిచి రోజు కొలవాలన్న మాట. రెండో పక్షం మూడు వారాలు అటువైపు చూడొద్దంటుంది. మూత తీసిన ప్రతిసారీ గాలి సోకుతుంది, ఆక్సిజన్ తగిలిన బీరు తడి అట్టముక్క రుచికి వస్తుంది, హాప్స్ దండిగా వేసినవి మరీ త్వరగా. క్రిములు చేరే వీలుంది. కొలిచిన గ్లాసు తిరిగి పోయకూడదు కాబట్టి ప్రతి రీడింగుకూ వంద మిల్లీలీటర్లకు పైగా పోతుంది. పుట్టెడు బీరు చేసేవాడికి లెక్కలేదు గానీ ఐదు లీటర్లు చేసేవాడికి నొప్పే.

వీళ్ల మాటలో బలం ఉంది. మామూలు 1.050 బీరుకి, ఆరోగ్యంగా ఉన్న ఈస్ట్‌కి, 20 డిగ్రీల గదిలో మూడు వారాలంటే కావలసినదానికంటే ఎక్కువే. అంకెతో పాటు డయాసిటైల్ కూడా ఈలోపే సర్దుకుంటుంది. కానీ ఆ లెక్కలో "మామూలు" అన్న మాట చాలా బరువు మోస్తోంది. 1.090తో మొదలైన గట్టి బీరులో ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఈస్ట్ నీరసిస్తుంది. చలిగదిలో మూడు వారాలకీ 1.030 దగ్గరే నిద్రపోయి, సీసాలు వంటింటి వేడికి చేరాక లేవొచ్చు. రెండు పక్షాలకూ నడిమి దారి ఒకటుంది: బుడగలు నెమ్మదించేదాకా ముట్టుకోకుండా వదిలేసి, సీసాల్లో పోసేముందు కొన్ని రోజుల ఎడంతో రెండుసార్లు కొలవడం. ఆ రెండు అంకెలూ ఒకటే అయి, పక్కన వెచ్చగా పెట్టిన వర్ట్ అంకెకూ దగ్గరగా ఉంటే సీసాలు కడగడం మొదలుపెట్టొచ్చు. గట్టి బీర్లకూ, సేజోన్ ఈస్ట్‌లకూ ఆ ఎడం రోజుల్లో కాక వారాల్లో ఉండాలి.